స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు భాండారము: పుట్టుక, పెరుగుదల

ఒక ఉన్నత పాఠశాలకు పాత కంప్యూటర్లు పది వచ్చినవనుకొందాము. వాటిలో లినక్సు అనే వ్యవస్థను పెట్టి ఇచ్చినారు. లెక్కల మాష్టారు మార్కుల పట్టిక వేయవలెను. తెలుగు పండితులు ప్రశ్నపత్రమును తెలుగు అక్షరాలలో కూర్చవలెను. సైన్సు టీచరుగారు ఈ రాత్రి ఆకాశములో గురుగ్రహము ఎక్కడ కనబడుతుందో పిల్లలకు చూపవలెను. డ్రాయింగు మాష్టారికి బొమ్మలను సరిదిద్దే సాధనము కావలెను. ఈ పనులన్నింటికీ పైసా ఖర్చు లేకుండా సాఫ్ట్‌వేరు దొరుకుతుందని అందరూ విన్నదే. కాని అది ఎక్కడ ఉన్నది? దాని పేరేమి? దొరికినదానిని నమ్మవచ్చునా?

పేర్లను బట్టి పోల్చుకొందామంటే వీలు కాదు. గింప్, ఆడాసిటీ, ఇంక్‌స్కేప్, స్టెల్లేరియం అనే మాటలు విన్నవారిలో వీటిలో ఏది బొమ్మలకు, ఏది పాటలకు, ఏది నక్షత్రాలకు అని చెప్పగలవారు ఎందరు? వస్తువు ఉన్నా దాని ఉనికి తెలియకపోతే లేనిదానితో సమానమే. జాబితా లేని గ్రంథాలయములో లక్ష పుస్తకాలున్నా చదువరికి కావలసిన ఒక్క పుస్తకము చేతికి రాదు గదా!

నేడు లినక్సు కంప్యూటరులో ఈ చిక్కు చాలావరకు తీరినది. తెరపై ఒక భాండారము తెరచి, మనకు కావలసిన పనిని పేర్కొంటే తగిన సాధనాలు కనబడతాయి. ఒక్క మీట నొక్కితే కావలసినది వచ్చి కుదురుకొంటుంది. ఇంత తేలికగా కనబడే ఈ ఏర్పాటు వెనుక అనేకుల దీర్ఘకాల శ్రమ కలదు. సాఫ్ట్‌వేరును వ్రాసినవారి పేర్లు కొంత ప్రసిద్ధికి వచ్చినవి. దానిని ఏరి, పరీక్షించి, పేరు వ్రాసి, అరలలో సర్దినవారి కథ అంతగా ఎవరికీ తెలియదు. ఆ కథయే ఈ వ్యాసము.

పంచుకొనే అలవాటు

కంప్యూటరు చేయవలసిన పనిని అంచెలంచెలుగా చెప్పే ఆదేశాల వరుసను ప్రోగ్రాము అంటారు. దానికి రెండు రూపాలు ఉన్నవి. మనిషి వ్రాసి, చదువగల రూపము సోర్సు కోడు. యంత్రము నడుపగల రూపము వేరు. అది అంకెల దండ వంటిది, మనిషికి చదువ శక్యము కాదు. ఆవకాయ జాడీకీ, ఆవకాయ పెట్టే పద్ధతికీ ఉన్న భేదమే ఈ రెంటికీ ఉన్నది. జాడీ ఇస్తే తినగలము. పద్ధతి చెబితే మనమూ పెట్టుకోగలము, కారము తగ్గించుకోగలము, పొరుగువారికి నేర్పగలము.

తొలినాళ్ళలో పద్ధతిని దాచుకొనే ఆలోచన అంతగా లేదు. కంప్యూటరు అనగా గది నిండిన యంత్రము. కొనేవారు యంత్రమునకు సొమ్ము ఇచ్చేవారు. ప్రోగ్రాములు దానితోపాటు వచ్చేవి. ఐబీఎం కంపెనీ యంత్రాలను వాడుతున్నవారు కొందరు 1955లో 'షేర్' అనే సంఘము పెట్టుకొన్నారు. షేర్ అంటే పంచుకొనుట. ఒకరు వ్రాసిన ప్రోగ్రామును మరొకరు తిరిగి వ్రాసుకొనే వృథా శ్రమ లేకుండా చేయడమే ఆ సంఘము ఆశయము.

1969లో రెండు సంగతులు జరిగినవి. ఆ ఏడు జూన్ నెలలో ఐబీఎం కంపెనీ ఇకమీదట సాఫ్ట్‌వేరుకు వేరుగా ధర కట్టుతామని ప్రకటించినది. సాఫ్ట్‌వేరు తనంత తానే ఒక సరుకైనది. అదే సంవత్సరము అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ అనే ఇద్దరు యూనిక్సు అనే వ్యవస్థకు పునాది వేసినారు. 1956 నాటి ఒక న్యాయస్థాన ఒప్పందము వల్ల ఆ ప్రయోగశాల యజమానియైన ఏటీ అండ్ టీ కంపెనీ కంప్యూటరు వ్యాపారములో దిగరాదు. అందుచేత యూనిక్సును సోర్సు కోడుతో సహా విశ్వవిద్యాలయాలకు స్వల్ప రుసుముపై ఇచ్చినది. ఒక తరము విద్యార్థులు దానిని చదివి నేర్చుకొన్నారు. 1984లో ఆ కంపెనీ విభజన జరిగి ఆంక్ష తొలగిన తరువాత యూనిక్సు కూడా ధర గల సరుకైనది.

స్వేచ్ఛ వేరు, ఉచితము వేరు

1980 ప్రాంతమున ఎం.ఐ.టి. లోని కృత్రిమ మేధ ప్రయోగశాలకు ఒక కొత్త లేజరు ప్రింటరు వచ్చినది. అక్కడ పనిచేస్తున్న రిచర్డ్ స్టాల్‌మన్ పాత ప్రింటరుకు ఒక చిన్న సదుపాయము చేర్చి ఉండెను. కాగితము ఇరుక్కొన్నప్పుడు, ముద్రణకై ఎదురుచూస్తున్నవారికి యంత్రమే కబురు చెప్పేది. కొత్త ప్రింటరుకు అట్లు చేయుటకు వీలు లేకపోయెను. దాని సోర్సు కోడు ఇవ్వలేదు. ఆ కోడు గల మరొక విశ్వవిద్యాలయమువారిని అడిగితే, ఎవరికీ ఇవ్వనని మాట ఇచ్చినానన్న సమాధానము వచ్చినది. కాగితము ఇరుక్కొనుట చిన్న విషయమే. కాని తన చేతిలోని యంత్రమును తాను బాగుచేసుకొనే హక్కు పోయినదని స్టాల్‌మన్ గ్రహించినాడు.

1983 సెప్టెంబరు 27న ఆయన 'గ్నూ' అనే ప్రయత్నమును ప్రకటించినాడు. యూనిక్సు వలె పనిచేసే సంపూర్ణ వ్యవస్థను మొదటినుండి వ్రాసి, అందరికీ స్వేచ్ఛగా ఇవ్వడము దాని లక్ష్యము. 1985లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఏర్పడినది. ఒక ప్రోగ్రాము స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు అనిపించుకోవడానికి నాలుగు హక్కులు ఉండవలెనని వీరు నిర్ణయించినారు. ఏ పనికైనా నడుపుకొనే హక్కు. సోర్సు కోడు చదివి మార్చుకొనే హక్కు. ఇతరులకు ప్రతులు ఇచ్చే హక్కు. మార్చిన ప్రతులను సైతము పంచే హక్కు.

ఇంగ్లీషులో స్వేచ్ఛకూ, ఉచితమునకూ ఒక్కటే మాట అగుటచే ఆ భాషవారికి ఇక్కడ పెద్ద తికమక ఏర్పడినది. మన భాషలో ఆ ఇబ్బంది లేదు. రెండు భావములకు రెండు మాటలు ఉన్నవి. స్టాల్‌మన్ తాను వ్రాసిన ఈమాక్సు అనే ప్రోగ్రామును టేపుపై ఎక్కించి 150 డాలర్లకు అమ్మినాడు. అయినను అది స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే; కొన్నవాడు దానిని పదిమందికి ఊరకనే ఇవ్వవచ్చును. దీనికి విరుద్ధముగా, ఉచితముగా దొరికినా కోడు దాచిపెట్టిన ప్రోగ్రాములు నేటికీ ఎన్నో ఉన్నవి. అవి ఉచితములే గాని స్వేచ్ఛ గలవి కావు. రేపు యజమాని మనసు మారితే అవి మన చేతిలో నిలువవు.

ఈ హక్కులకు చట్టపు రక్షణగా 1989లో జీపీఎల్ అనే అనుమతి పత్రము వెలువడినది. ఈ పత్రము క్రింద వచ్చిన ప్రోగ్రామును మార్చి పంచేవారు తాము పొందిన హక్కులనే తమ తరువాతివారికి కూడా ఇవ్వవలెను.

లినక్సు రాక, వెదుకులాట మొదలు

1990 నాటికి గ్నూ పనిముట్లు అనేకము సిద్ధమైనవి. యంత్రమును నేరుగా నడిపించే కెర్నెల్ అనే కీలక భాగము మాత్రము కొరతగా ఉండెను. ఫిన్లండు దేశపు హెల్సింకీ విశ్వవిద్యాలయములో చదువుకొంటున్న 21 సంవత్సరాల లైనస్ టోర్వాల్డ్స్ 1991 ఆగస్టు 25న తాను వినోదానికై ఒక వ్యవస్థ వ్రాస్తున్నానని లోకమునకు తెలిపినాడు. దానికి 'ఫ్రియాక్స్' అని పేరు పెట్టదలచినాడు. ఫిన్లండులోని ఒక ఫైళ్ళ కేంద్రములో దానిని ఉంచుటకు చోటిచ్చిన ఆరీ లెమ్కే ఆ అరకు 'లినక్సు' అని పేరు వ్రాసినాడు. ఆ పేరే నిలిచినది. చూడండి: భాండారములో అర సర్దినవాడు పెట్టిన పేరు రచయిత పెట్టదలచిన పేరును త్రోసిరాజన్నది!

మొదట లినక్సు ప్రతులకు ఎవరూ సొమ్ము తీసుకోరాదని నియమము ఉండెను. ఫ్లాపీలకు అయ్యే ఖర్చు కూడా వసూలు చేయరాదు. 1992లో టోర్వాల్డ్స్ దానిని జీపీఎల్ క్రిందికి తెచ్చినాడు. అప్పటినుండి ఫ్లాపీలపై, సీడీలపై ఎక్కించి అమ్ముటకు మార్గము ఏర్పడినది. స్వేచ్ఛకూ ధరకూ గల భేదము ఇక్కడ ఆచరణలో కనబడినది. అమ్మే వీలు వచ్చిన తరువాతనే లినక్సు ఇంటర్నెట్టు లేని ఊళ్ళకు కూడా చేరగలిగినది.

కాని 1992లో ఒక విద్యార్థికి పట్టికలు వేసే ప్రోగ్రాము కావలసి వచ్చినదనుకొందాము. అతడు ఏమి చేయవలెను? ప్రోగ్రాములు ప్రపంచములోని అనేక విశ్వవిద్యాలయాల ఫైళ్ళ కేంద్రాలలో చెల్లాచెదురుగా ఉండేవి. కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయములో ఆలన్ ఎమ్టేజ్ 1990లో రూపొందించిన 'ఆర్చీ' అనే సాధనము ఆ కేంద్రాల జాబితాలను సేకరించి వెదికి పెట్టేది. అయితే అది ఫైలు పేరునే వెదకగలదు. పని తెలిసి పేరు తెలియనివానికి దానివల్ల ప్రయోజనము స్వల్పము.

ఈ లోపమును పూరించుటకు లినక్సు అభిమానులు 'లినక్సు సాఫ్ట్‌వేర్ మ్యాప్' అనే జాబితాను ప్రారంభించినారు. ప్రోగ్రామును కేంద్రములో ఉంచేవారు దానితోపాటు ఒక చిన్న చీటీ వ్రాసి పెట్టవలెను. ప్రోగ్రాము పేరు, తేదీ, అది చేసే పని, ముఖ్యపదాలు, రచయిత, దొరికే చోటు, ప్రతులు తీయుటకు గల అనుమతి అనేవి ఆ చీటీలో వరుసగా ఉండేవి. గ్రంథాలయపు కార్డులకు ఇది తోబుట్టువు. అమెరికాలోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయపు 'సన్‌సైట్' కేంద్రము ఇట్టి ప్రోగ్రాములకు పెద్ద నిలయమైనది.

దొరికిన తరువాత కూడా కష్టము తీరేది కాదు. తెచ్చినది సోర్సు కోడు. దానిని యంత్రరూపములోకి మార్చుకోవలెను. మారుస్తూ ఉండగా ఫలానా భాగము లేదని యంత్రము ఆగిపోయేది. ఆ భాగమును వెదకి తెస్తే దానికి మరొకటి కావలసి వచ్చేది. నిపుణులకే ఓపిక నశించేది. సాధారణ ఉపాధ్యాయునికి అది అందని పండు.

పంపిణీలు, ప్యాకేజీలు

ఈ పనిని అందరి తరఫున ఒకరు చేసి పెట్టగూడదా అన్న ఆలోచనయే పంపిణీ, అనగా డిస్ట్రిబ్యూషన్, పుట్టుకకు కారణము. 1992 ఫిబ్రవరిలో ఇంగ్లండులోని మాంచెస్టర్ కంప్యూటింగ్ సెంటరువారు తొలి పంపిణీలలో ఒకదానిని వెలువరించినారు. అదే సంవత్సరము ఎస్.ఎల్.ఎస్. అనే పంపిణీ వచ్చినది. అది ఎక్కువ మందికి చేరినది గాని దానిలో దోషాలు మెండుగా ఉండెను. ఆ దోషాలే రెండు మేలైన పంపిణీల పుట్టుకకు కారణమైనవి. 1993 జూలైలో పాట్రిక్ వోల్కర్‌డింగ్ దానిని సవరించి 'స్లాక్‌వేర్' వెలువరించినాడు. ఆగస్టు 16న పర్డ్యూ విశ్వవిద్యాలయ విద్యార్థి ఇయన్ మర్డాక్ 'డెబియన్' ప్రకటించినాడు. డెబ్రా అనే తన స్నేహితురాలి పేరును, తన పేరును కలిపి ఆ మాటను కూర్చినాడు.

డెబియన్ ప్రత్యేకత ఏమనగా, దానిని ఒక్కరు గాక అనేకులు పంచుకొని తయారుచేయడము. ఒక్కొక్క ప్రోగ్రామును ఒక ప్యాకేజీగా, అనగా మూటగా, కట్టుదురు. ఒక్కొక్క మూటకు ఒక బాధ్యుడు ఉండును. మూటలో యంత్రరూపములోని ప్రోగ్రాముతోపాటు ఒక చీటీ కూడా ఉండును. ప్రోగ్రాము ఏ పని చేస్తుందో ఒక పంక్తిలోను, తరువాత విపులముగాను దానిలో వ్రాసి ఉండును. అది పనిచేయుటకు ఇంకా ఏ ఏ మూటలు కావలెనో కూడా అందులో ఉండును. ఈ మూటలను విప్పి కుదిర్చే సాధనము 'డీపీకేజీ'. రెడ్ హ్యాట్ అనే కంపెనీ 1995లో ఇదే అవసరమునకు 'ఆర్పీఎం' అనే పద్ధతిని ఏర్పరచినది.

ఒక మూటకు మరొక మూట కావలసి రావడమే ఈ విషయములో అతి ముఖ్యమైన సంగతి. గారెలు వండవలెనంటే మినపపప్పు కావలెను. దానిని రుబ్బుటకు రోలు, వేయించుటకు నూనె, బాణలి, పొయ్యి కావలెను. ఇవి ఒక్కొక్కటే లేవని తెలిసినకొద్దీ బజారుకు పరుగెత్తేవాడు ఆ పూట గారెలు తినలేడు. చీటీ చూసి అన్నిటినీ ఒకేసారి తెచ్చే తెలివిగల మనిషి కావలెను. ఇంటిలో బాణలి ముందే ఉంటే మరొకటి తేరాదు కూడా. లినక్సులో ఈ పని చేసే సాధనము 'ఆప్ట్'. 1999 మార్చిలో వచ్చిన డెబియన్ 2.1తో అది అందరి చేతికి వచ్చినది. మనము కావలసిన ప్రోగ్రాము పేరు చెబితే, అది చీటీలన్నీ చూసి, కావలసిన మూటలను లెక్కించి, భాండారమునుండి తెచ్చి, సరియైన వరుసలో కుదురుస్తుంది.

భాండారము ఎంత పెరిగినదో అంకెలే చెప్పగలవు. 1996లో వచ్చిన డెబియన్ 1.1లో 474 ప్యాకేజీలు ఉండెను. 2.1లో సుమారు 2,250. 2023లో వచ్చిన 12వ ప్రతిలో 64 వేలకు పైగా, 2025 ఆగస్టులో వచ్చిన 13వ ప్రతిలో సుమారు 70 వేలు. ఇన్నింటిలోనుండి కావలసినది ఏరుకొనుటకు చీటీలే దిక్కు. ఆప్ట్ ఆ చీటీలలోని వివరణలను కూడా వెదకగలదు గనుక పేరు తెలియకపోయినా పని తెలిస్తే చాలును.

డెబియన్ పునాదిపై 2004 అక్టోబరులో 'ఉబుంటు' వచ్చినది. ఇంటర్నెట్టు సదుపాయము లేనివారికి సీడీలను టపాలో ఉచితముగా పంపే ఏర్పాటును దానిని నడిపేవారు 2011 వరకు సాగించినారు. 2009లో ఉబుంటులో బొమ్మలతో, తరగతులతో కూడిన సాఫ్ట్‌వేరు అంగడి వంటి తెర ఏర్పడినది. ఇట్టి తెరలు నేడు దాదాపు అన్ని పంపిణీలలో ఉన్నవి.

అరలలో ఉన్నవి ఏవి?

నిత్యము కావలసిన ప్రోగ్రాముల చరిత్ర చూస్తే, ఇవి ఒకే చోట, ఒకే విధముగా పుట్టినవి కావని తెలియును.

ఛాయాచిత్రాలను సరిదిద్దే 'గింప్' 1995లో బర్కిలీలో స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ అనే ఇద్దరు విద్యార్థుల తరగతి పనిగా ఆరంభమైనది. తెరపై మీటలు, కిటికీలు గీయుటకు వారు మొదట వాడిన పరికరము స్వేచ్ఛ గలది కాదు. అందుచేత వారు 'జీటీకే' అనే పరికరమును స్వయముగా వ్రాసుకొన్నారు. తరువాత లినక్సులో అనేక ప్రోగ్రాములకు అదే ఆధారమైనది.

ఉత్తరాలు, పట్టికలు, ఉపన్యాస చిత్రాలు తయారుచేసే 'లిబ్రే ఆఫీస్' మూలము జర్మనీలో పుట్టిన 'స్టార్ ఆఫీస్'. దానిని సన్ కంపెనీ 1999లో కొని, 2000లో కోడు బయటపెట్టినది. 2010లో సన్ కంపెనీని ఒరాకిల్ కొన్నది. ఆ ఏడు సెప్టెంబరులో దానిపై పనిచేస్తున్నవారు విడివడి లిబ్రే ఆఫీస్ అనే కొత్త పేరుతో సాగిపోయినారు. యజమాని మారినా పని ఆగలేదు. ఇది స్వేచ్ఛ వల్ల కలిగిన లాభము. కేవలము ఉచితమైనదైతే ఇట్లు సాధ్యపడదు.

చలనచిత్రాలు, పాటలు వినిపించే 'వీఎల్‌సీ' 1996లో పారిసులోని ఒక ఇంజనీరింగు కళాశాల విద్యార్థులు ఆరంభించినది. 2001లో జీపీఎల్ క్రింద వెలువడినది. వెబ్ పుటలు చూపే 'ఫైర్‌ఫాక్స్' వంశము 1998లో నెట్‌స్కేప్ కంపెనీ కోడును బయటపెట్టుటతో మొదలై 2004 నవంబరులో మొదటి పూర్ణప్రతిగా వచ్చినది. ధ్వనిని ముద్రించి కత్తిరించే 'ఆడాసిటీ' 2000లోను, గీతలతో బొమ్మలు వేసే 'ఇంక్‌స్కేప్' 2003లోను వెలువడినవి. ఆకాశమును చూపే 'స్టెల్లేరియం' 2000లో ఫ్రాన్సులో ఫాబియన్ షెరో ఆరంభించినది. చిన్నపిల్లల బొమ్మలపలక 'టక్స్ పెయింట్' 2002లో వచ్చినది.

తెలుగువారికి కావలసినవి కూడా ఈ అరలలో ఉన్నవి. 1991లో వెలువడిన యూనీకోడ్ మొదటి ప్రతిలోనే తెలుగు లిపికి చోటు దొరికినది. 128 స్థానాలు మన అక్షరాలకు కేటాయించినారు. స్థానాలుంటే చాలదు, అక్షరాల రూపాలు కావలెను. తిరుమల కృష్ణ దేశికాచార్యులు తాము రూపొందించిన పోతన, వేమన అనే ఖతులను జీపీఎల్ క్రింద ఇచ్చినారు. అందువల్లనే అవి డెబియన్ భాండారములో చేరగలిగినవి. ముద్రిత పుటను ఫోటో తీస్తే అక్షరాలను గుర్తించి ఇచ్చే 'టెసరాక్ట్' అనే ప్రోగ్రాముకు తెలుగు నేర్పిన ప్యాకేజీ కూడా అక్కడ కలదు. హైదరాబాదు కేంద్రముగా పనిచేసే 'స్వేచ్ఛ' అనే సంస్థ తెలుగు మాటలతో కనబడే లినక్సు పంపిణీని రూపొందించినది.

నమ్మకము సంగతి

ఇంటర్నెట్టులో ఎవరో ఉంచిన ప్రోగ్రామును తెచ్చి నడుపుట అపరిచితుని చేతికి ఇంటి తాళాలు ఇచ్చుటతో సమానము. భాండారము ఈ భయమును రెండు విధాల తగ్గిస్తుంది. మొదటిది, చేరే ప్రతి ప్రోగ్రాము అనుమతి పత్రమును పరిశీలించడము. స్వేచ్ఛ అంటే ఏమిటో నిర్ణయించే నియమావళిని డెబియన్‌వారు 1997లో ఆమోదించినారు; దానికి సరిపడనివాటిని వేరే అరలో ఉంచుదురు. రెండవది, దారిలో ఎవరైనా మూటను మార్చకుండా గణితపు ముద్ర వేయడము. 2007లో వచ్చిన డెబియన్ 4.0 నుండి ఆప్ట్ ఆ ముద్రను సరిచూచిన తరువాతనే మూటను విప్పుతుంది.

అయినను ఇది లోపము లేని ఏర్పాటు కాదు. 2006లో డెబియన్‌లో రహస్య సంకేతాలు తయారుచేసే ఒక ప్యాకేజీలో పొరపాటున రెండు పంక్తులు తొలగించినందున, ఊహింపదగిన సంకేతాలు పుట్టసాగినవి. 2008 మే నెల వరకు ఎవరూ గమనింపలేదు. కోడు బహిరంగముగా ఉన్నంత మాత్రాన ఎవరో చూస్తూనే ఉందురని అనుకోరాదు.

2024లో జరిగినది ఇంకా గంభీరమైనది. ఫైళ్ళను కుదించే 'ఎక్స్‌జెడ్' అనే చిన్న ప్రోగ్రామును ఒక్క మనిషి ఏళ్ళ తరబడి జీతము లేకుండా సాకుతూ వచ్చినాడు. సహాయము చేస్తానని మారుపేరుతో వచ్చిన ఒక వ్యక్తి సుమారు రెండేళ్ళు నమ్మకముగా పనిచేసి, చివరకు దానిలో ఒక దొంగదారి పెట్టినాడు. దూరమునుండి కంప్యూటరులోనికి ప్రవేశించుటకు అరసెకను ఆలస్యమగుచున్నదేమని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు కారణము వెదకి, మార్చి 29న సంగతి బయటపెట్టినాడు. అప్పటికి అది పరీక్షలో ఉన్న ప్రతులలో చేరినదే గాని డెబియన్ స్థిరప్రతిని చేరలేదు. కోడు చదువుటకు వీలున్నందుననే దొంగతనము దొరికినది. సాకేవాడు ఒంటరిగా అలసిపోయినందుననే దొంగకు తలుపు దొరికినది. రెండు మాటలూ నిజమే. మనము ఉచితముగా వాడుకొనే వస్తువుకు వెల మరెవరో చెల్లిస్తున్నారని మరువరాదు.

మనము చేయదగినది

కావలసిన సాఫ్ట్‌వేరును వెదకుటకు ఇంత చరిత్రనుండి కొన్ని సూత్రాలు తీయవచ్చును. మొదట వస్తువు పేరు గాక పని పేరు వ్రాసుకోవలెను. "ఫలానా కంపెనీ ప్రోగ్రాము వంటిది" అని గాక "ముప్పది మంది మార్కులు కూడి సగటు తీయుట" అని వ్రాసుకొంటే వెదకుట సులువగును. రెండవది, ముందుగా తమ పంపిణీ భాండారములోనే చూడవలెను. అక్కడ లేనప్పుడే బయటికి పోవలెను. మూడవది, వివరణ పూర్తిగా చదివి, అనుమతి పత్రము ఏదో చూడవలెను. నాలుగవది, ఒకే పనికి రెండు మూడు ప్రోగ్రాములు కనబడితే ఒక చిన్న పనిపై అన్నింటినీ పరీక్షించి, నచ్చినదానిని ఉంచుకొని తక్కినవి తీసివేయవలెను. వాడి చూచుటకు ఖర్చు లేదు. తప్పు ఎంపిక చేసినా నష్టము ఒక గంట మాత్రమే.

చివరకు ఒక సంగతి మిగిలి ఉన్నది. భాండారములోని చీటీలలో అధిక భాగము ఇంగ్లీషులో ఉన్నవి. వాటిని ఇతర భాషలలోకి మార్చుటకు డెబియన్‌లో ఏర్పాటు కలదు. ఏ దేశమువారైనా ఇంటినుండి చేయవచ్చును. ఏడవ తరగతి పిల్లవాడు "నక్షత్రాలు" అని తెలుగులో వ్రాస్తే స్టెల్లేరియం కనబడవలెనంటే, ఎవరో ఒకరు ఆ మూటపై ఒక్క తెలుగు పంక్తి వ్రాసి ఉండవలెను. అది వ్రాయుటకు ప్రోగ్రాములు వ్రాసే విద్య అక్కరలేదు. తెలుగు పండితులు, సైన్సు టీచరుగారు, నలుగురు విద్యార్థులు ఒక సాయంకాలము కలిసి కూర్చుంటే పది చీటీలు తయారగును. ఆనాడు ఆ చిన్న చీటీలు వ్రాసినవారు చేసినది కూడా ఇంతే.